ముప్పై ఏడో నంబరు కోడి

మార్కెట్ వీధి మలుపులో ఒక కళ్ళద్దాల దుకాణం ఉంది. కళ్ళు మసకబారినవాళ్ళు తడుముకుంటూ లోపలికి వస్తారు. దుకాణం యజమాని మాత్రం ముందుగా వాళ్ళ కళ్ళ వంక చూడడు, కోటు బొత్తాల వంక చూస్తాడు. అలా చూసి చూసి వీధి మొత్తానికీ ఆయన బిళ్ళల బాబాయి అయిపోయాడు. అసలు పేరు బోర్డు మీద పెద్దక్షరాలతో ఉంది గానీ, బోర్డు చదవగలిగినవాళ్ళు కళ్ళద్దాల కొట్టుకి ఎందుకొస్తారు?

బాబాయి భార్య కాబట్టి ఆవిడ అందరికీ పిన్ని. ఆయన వెనక గదిలో అద్దాలు సాన పడుతుంటే ఆవిడ ముందు బల్ల దగ్గర నిలబడి ఫ్రేముల కాడలు వేడి చేసి, వంచి, చెవులకి సరిపెడుతుంది. ఎవరి ముక్కుకి ఏ ఫ్రేము నిలుస్తుందో గుమ్మంలోనే చెప్పేస్తుంది. నిజం చెప్పాలంటే దుకాణం నడిచేది ఆవిడ వల్ల. ఆ సంగతి బాబాయికి కూడా తెలుసు.

ఆయన సంగతి వేరు. ఒకప్పుడు అద్దాలు దాచుకునే మూడు పలచటి సొరుగుల్లో ఇప్పుడు ఫ్రెంచి సైన్యం కాపురముంటోంది. అంకెలు పోసిన ఇత్తడి బొత్తాలు, కాలరుకి కుట్టే గుర్తులు, రంగుపూత రాలిన పటాలం బిళ్ళలు, అన్నీ పలచటి కాయితాల మధ్య పడుకుని ఉంటాయి. ఒక్కొక్కదానికీ ఒక చీటీ. బిళ్ళ దొరకడం సగం పనేనని బాబాయి అంటాడు. అది ఎవరి టోపీ మీంచి ఎవరి పెట్టెలోకి వెళ్ళింది, ఆ పెట్టె ఎవరి చేతికి వచ్చింది అని వెనక్కి నడుచుకుంటూ వెళ్ళడం మిగతా సగం. ఆధారం ఉంటే రాయాలి, లేకపోతే గీత గీసి వదిలేయాలి. ఆ చీటీలని ఆయన చరిత్ర అంటాడు, పిన్ని జాతకాలు అంటుంది.

ఇదంతా ఎలా మొదలైందంటే, ఆయన ఇరవై రెండో ఏట, సాన పని నేర్చుకుంటున్న రోజుల్లో, చలికాలం కోసం ఒక పాత కోటు కొన్నాడు. దానికున్న అయిదు బొత్తాల్లో నాలుగు ఒక జాతివి, ఒకటి మరో జాతిది. ఆ అయిదోది ఇత్తడిది. ముందు ఒక అంకె, చుట్టూ సన్నటి ఆకుల తీగ, వెనక అరిగిపోయిన అక్షరాలు ఉన్నాయి. ఇంకొకడైతే దాన్ని పీకి పారేసి మిగతా వాటికి జోడీ కుట్టించుకునేవాడు. మనవాడు పీకాడు గానీ పారేయలేదు. భూతద్దం పట్టుకుని మూడు రోజులు కూర్చుని ఆ అక్షరాలు చదివాడు. ఫ్రెంచి పటాలం బొత్తామని తేలింది. ఆ చలికాలమంతా కోటుకి నాలుగే బొత్తాలు. చలిగాలికి జలుబు పట్టుకుంది. జలుబు వారంలో తగ్గింది, ఇది మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

బొత్తాల కోసం ఫ్రెంచి నేర్చుకోవాల్సి వచ్చింది. అట్ట ఊడిన నిఘంటువొకటి సంపాదించి, కావలసిన మాటలు మాత్రం ఏరుకున్నాడు. మొత్తం మూడొందలు. ఇత్తడి, రాగి, మేకు, అతుకు, సొట్ట, తుప్పు, నకిలీ, మరమ్మతు, సందేహాస్పదం, ఇవన్నీ నోటికొచ్చు. బాగున్నారా, క్షమించండి, మంచినీళ్ళు ఎక్కడ, ఇవేవీ రావు. ఆయన్ని తీసుకెళ్ళి ఆ దేశంలో వదిలేస్తే దాహంతో పోతాడు గానీ, పోయే ముందు ఏ బిళ్ళకి వెనక కొంకి మార్చారో చెప్పి మరీ పోతాడు.

ఆ మూడొందల మాటలతోనే ఆయనకి అక్కడొక స్నేహితుడు కూడా దొరికాడు. చిన్న ఊళ్ళో పనిచేసి రిటైరైన పోస్టుమాస్టరు. ఆయనకీ ఇదే పిచ్చి. ముప్పై ఏళ్ళుగా ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడుస్తున్నాయి. ఒకరికెందరు పిల్లలో ఒకరికి తెలియదు, ఒకరి సొరుగులో ఎన్ని బొత్తాలున్నాయో ఒకరికి కంఠతా వచ్చు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఇక కోడి సంగతి. బాబాయికి ఇరవై ఏడేళ్ళప్పుడు, పెళ్ళయిన కొత్తలో, వీధి చివర పాత సామాను కొట్టాయన త్రాసులో ఒక ఇత్తడి రేకుని తూకం సరిచేసే ధడెంగా వాడుతుండేవాడు. అరచేయంత రేకు. మసి పట్టి ఉన్నా బాబాయి కన్ను తప్పించుకోలేదు. రెక్కలు విప్పిన కోడిపుంజు, దాని కింద తొలిచిన ముప్పై ఏడు అంకె. ఒకప్పటి ఫ్రెంచి సిపాయిలు పొడుగాటి తోలు టోపీల ముందు తగిలించుకున్న రేకు అది, ముప్పై ఏడో పటాలానిది. కొట్టాయనకి చూపు ఆనేది కాదు. ఒక జత కళ్ళద్దాలు చేసిస్తే ఆ రేకు ఇచ్చేస్తానన్నాడు. బాబాయి రెండు రోజుల్లో చేసిచ్చాడు. కొట్టాయన అవి పెట్టుకుని, ఇచ్చేసిన రేకు వంక మొట్టమొదటిసారి సరిగ్గా చూశాడు.

"ఏంటి, దీని మీద కోడి ఉందా?" అన్నాడు.

"ఉంది" అన్నాడు బాబాయి, జేబులో పెట్టుకుంటూ.

"కనబడనప్పుడే బాగుంది" అని నిట్టూర్చాడు కొట్టాయన.

కోడి తోక దగ్గర పక్కపక్కనే రెండు చిన్న సొట్టలున్నాయి. కుర్రతనం కదా, బాబాయి ఆ సొట్టల మీద ఒక సిద్ధాంతం లేవదీశాడు. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు సిపాయి ఎవడో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, డోలు పుల్లలతో దాని మీద చిన్నగా దరువేసి ఉంటాడు, అంచేత బహుశా ఇది డోలు వాయించే సిపాయి టోపీది కావచ్చు. ఈ ముక్కని వారం రోజులు కుస్తీ పట్టి ఫ్రెంచిలో రాసి, అక్కడి సేకరణదారుల పత్రిక ఒకదానికి పంపాడు. వాళ్ళు వేశారో లేదో కూడా తెలియలేదు. తర్వాత సొంత దుకాణం, దాని అప్పుల తిప్పలు, పిల్ల పుట్టడం, ఆ ఉత్తరం సంగతి గాలికి పోయింది.

పదిహేనేళ్ళ తర్వాత పోస్టుమాస్టరు ఒక పుస్తకం పంపాడు. అందులో ఒక పేరా చదివి బాబాయి సాన చక్రం ఆపేశాడు. ముప్పై ఏడో పటాలం డోలు సిపాయి ఒకడు, నది దాటుతుండగా తూటా తగిలినా, అవతలి గట్టు చేరేదాకా దరువు ఆపలేదట. అతని టోపీ రేకు, తోక దగ్గర రెండు సొట్టలతో, ఇప్పటికీ భద్రంగా ఉందట. బాబాయి పుస్తకం పట్టుకుని ముందు గదిలోకి పరిగెత్తాడు.

"చూశావా, నేను ఊహించిందే నిజమైంది. అచ్చులో ఉంది" అన్నాడు.

"మంచిదే. ఆ కుర్చీలో ఆయన అరగంట నుంచి కూర్చునున్నారు, ముందు ఆయన సంగతి చూడండి" అంది పిన్ని.

ఆ రోజు నుంచీ కోడి మామూలు కోడి కాదు. బాబాయి ఆ డోలు సిపాయిని నెత్తిన పెట్టుకున్నాడు. చీటీ మీద గీత ఉన్నచోట ఎర్ర సిరాతో కథంతా రాసుకున్నాడు. పొద్దున్నే ఆ రేకుని ఒకసారి తీసి చూసుకోవడం మొదటి నుంచీ ఉన్న అలవాటే, ఇప్పుడు దుకాణం తెరవగానే ముందు ఆ సొరుగే తెరిచేవాడు. పిన్ని తమ్ముడు వచ్చినప్పుడల్లా వేళాకోళమాడేవాడు. ఆ బావమరిది నోట్లో నువ్వుగింజ నానదు. "మా బావ కోడిని పెంచుతున్నాడండీ. కూయదు, కూరకీ పనికిరాదు" అని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. బాబాయి నవ్వి ఊరుకునేవాడు గానీ, ఆ నవ్వు పైపైదే. నలభై ఏళ్ళ పని మీద ఇంటివాళ్ళే జోకులేస్తుంటే మనసు చివుక్కుమనదా?

అలాంటి సమయంలో మ్యూజియం అమ్మాయి వచ్చింది. ఊరి మ్యూజియంలో వస్తువుల పట్టీలు రాసే ఉద్యోగం ఆమెది. కుర్చీలో పెట్టుకున్న కళ్ళద్దాల మీద తానే కూర్చుని కాడ విరగ్గొట్టుకుంది. కాడ అతికించేదాకా దిక్కులు చూస్తూ, తెరిచున్న సొరుగు చూసింది. అరగంటలో అయ్యే పనికి ఆమె రెండు గంటలుంది.

"బాబాయిగారూ, మా మేడ మీద కొత్త గది తెరుస్తున్నామండీ. కిటికీ పక్కన గాజు పెట్టె ఒకటి ఇంకా ఖాళీగానే ఉంది" అంది వెళ్ళబోతూ. "మా పెద్దసారు, కథ ఉన్న వస్తువైతేనే పెడదామంటున్నారు. ఈ కోడికి కథ ఉంది కదా. కాకపోతే ఆ కథకి మొదటి నుంచీ కాయితాలు కావాలండీ, ఒక్క మెట్టు కూడా తప్పకుండా. నెల రోజుల్లో ఇవ్వగలరా?"

బాబాయి ఇస్తానని తలూపాడంతే. అరవై అయిదేళ్ళ మనిషికి ఇంకేం కోరికలుంటాయి గనక? ఆ కోడి గాజు పెట్టెలో నిలబడాలి, కింద దాని డోలు సిపాయి కథ ఉండాలి, బావమరిది మెట్లెక్కి వచ్చి అది చదవాలి. అంతకు మించి ఆయనకేమీ అక్కర్లేదు. ఆ సాయంత్రమే పోస్టుమాస్టరుకి రాశాడు: పుస్తకంలో పేరా, మూలం, దాని మూలం, దాని మూలం, అన్నీ నకళ్ళు కావాలి.

పది రోజుల తర్వాత దళసరి కవరొచ్చింది. పొద్దున పదకొండయింది, ముందు గదిలో పిన్ని ఒకావిడకి ఫ్రేములు పెట్టి చూస్తోంది. బాబాయి వెనక గదిలో బల్ల తుడిచి, నకళ్ళని వరసగా పేర్చాడు. అన్నిటికంటే కొత్తది పుస్తకం. నది, తూటా, ఆగని దరువు అన్నీ ఉన్నాయి. అది ఒక వ్యాసాన్ని చూసి రాసింది. వ్యాసంలో తూటా ఉంది, నది లేదు. అది ఒక జాబితాని చూసి రాసింది. జాబితాలో తూటా కూడా లేదు, ఒకే ఒక్క వాక్యం ఉంది: డోలు సిపాయి టోపీ రేకు, రెండు సొట్టలు. ఆ జాబితా అంతకు ముందటి ఒక పత్రికని చూసి రాసింది. పత్రిక నకలు అట్టడుగున ఉంది. అందులో పాఠకుల ఉత్తరాల పేజీ. తప్పుల తడక ఫ్రెంచిలో, ఒక కుర్ర కళ్ళద్దాల పనివాడు రాసిన ఉత్తరం.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది బాబాయి పని. భూతద్దం అక్కర్లేని అక్షరాలకి కూడా భూతద్దం పెట్టి చూశాడు. తన ఉత్తరంలో 'బహుశా' ఉంది. జాబితాకొచ్చేసరికి అది లేదు. ఆ పైన ఒకరు తూటా కలిపారు, ఇంకొకరు నది కలిపారు. కథకి కాళ్ళు లేవు, ముంతకి చెవులు లేవు అంటారు గానీ, ఈ కథ కాళ్ళు లేకుండానే దేశమంతా తిరిగి, పదిహేనేళ్ళకి ఆయన దగ్గరికే వచ్చి సాక్ష్యం చెప్పింది. ఆయన దాన్ని నమ్మి ఎర్ర సిరాతో రాసుకున్నాడు. తన గొంతు తనకే వినబడితే రెండో మనిషి పలికాడనుకున్నాడు. బిళ్ళలు పోగేసేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాని తెలివితక్కువతనం ఇది.

మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. బాబాయి మొహం చూసి, విషయం రాబట్టి, కాసేపు నవ్వుకుని, తర్వాత నిజంగానే సాయం చేద్దామనుకున్నాడు.

"ఇందులో ఇబ్బందేముంది బావా? పుస్తకం ఉంది, వ్యాసం ఉంది, జాబితా ఉంది. ఆ మూడూ ఇచ్చెయ్. అడుగున ఉన్న కాయితం కవర్లోనే ఉండిపోయిందనుకో. ఆ అమ్మాయికి ఫ్రెంచి రాదు, వాళ్ళ పెద్దసారుకి అసలే రాదు. పాము చావదు, కర్ర విరగదు."

"అది అబద్ధం కదరా."

"నువ్వు చెప్పట్లేదు కదా. పుస్తకం చెప్తోంది."

బాబాయి అతని మీద కోప్పడలేదు. కోప్పడలేకపోయాడు, ఎందుకంటే అప్పటికి అదే ఆలోచన తనకీ నాలుగుసార్లు వచ్చింది. నాలుగు రోజులు ఆ కవరుని సాన చక్రం పక్కన పెట్టుకుని పనిచేశాడు. ఒకాయన కుడి అద్దం ఎడమ వైపు బిగించాడు. దగ్గర చూపుకి చేయవలసినదాన్ని దూరపు చూపుకి చేశాడు. పిన్ని రెండూ పట్టుకుని, ఏమీ అనకుండా వెనక్కి పంపింది.

అయిదో రోజు ఒక లారీ డ్రైవరు వచ్చాడు. లైసెన్సు కోసం కంటి కాయితం కావాలన్నాడు. గోడ మీది అక్షరాల అట్ట ముందు కూర్చోబెడితే పై నుంచి కింది వరస దాకా గడగడా చదివేశాడు. పిన్నికి అనుమానమొచ్చింది. అట్టని తలకిందులు చేసి తగిలించింది. డ్రైవరు మళ్ళీ అవే అక్షరాలు అదే వరసలో గడగడా చెప్పాడు.

"బాబూ" అన్నాడు బాబాయి, వెనక గది గుమ్మంలోంచి. "గుర్తున్నది చెప్పడం చూపు కాదు. కళ్ళకి కనబడిందే చెప్పాలి. కనబడకపోతే కనబడలేదని చెప్పు, తప్పేం లేదు. రోడ్డు మీద ఇంకా మనుషులున్నారు."

డ్రైవరు తల దించుకుని, "పై రెండు వరసలే కనబడుతున్నాయండీ" అన్నాడు. అతనికి మంచి అద్దాలు రాసిచ్చారు.

అతను వెళ్ళాక బాబాయి సాన చక్రం పక్కనున్న కవరు వంక చూశాడు. అంత బుద్ధిమంతుడి మాట తన నోట్లోంచే రావడం ఆయనకి ఏమాత్రం నచ్చలేదు. ఇంకెవరైనా చెప్పుంటే వాదించి నెగ్గేవాడు.

"ఆ కవరు సంగతి మా తమ్ముడు చెప్పాడు" అంది పిన్ని, అట్టని మళ్ళీ సరిగ్గా తగిలిస్తూ.

"వాడు చెప్పకుండా ఉంటాడా."

"ఏం చేస్తారు?"

"చెప్పేస్తాను. కోడిని వాళ్ళు తీసుకోరు. వాళ్ళకి కథ కావాలి, నా దగ్గర కథ లేదు."

అని వెనక్కి తిరిగి కవరు అందుకున్నాడు. పిన్ని అట్ట దుమ్ము తుడుస్తూ అటు చూడలేదు, అది ఆవిడ మర్యాద.

ముందు పోస్టుమాస్టరుకి రాయాలి. పుస్తకాల్లో తప్పు దిద్దించాలంటే ఆయనే దిక్కు. బాబాయి కలం పట్టుకున్నాక తెలిసింది, ఆయన ఫ్రెంచిలో క్షమించండి లేదు. పొరపాటు లేదు, సిగ్గు లేదు. ఉన్నవన్నీ ఇత్తడి మాటలే. నిఘంటువు తెరవబోయి మానేశాడు. అరువు మాటలతో క్షమాపణ చెప్పడం ఆయనకి బాగాలేదనిపించింది. ఉన్నవాటితోనే రాశాడు:

"వస్తువు: డోలు సిపాయి కథ. స్థితి: సందేహాస్పదం. రేకుతో పాటు పుట్టినది కాదు, తర్వాత అతికించినది. అతికించిన పనివాడు: నేను. అతికించినప్పుడు 'బహుశా' అనే మేకు కొట్టాను. అది దారిలో ఊడిపోయింది. ఊడిన సంగతి నేనూ చూసుకోలేదు, ఆ పైన మెరుగు పెట్టాను. అన్ని జాబితాల నుంచీ తొలగించాలి."

మర్నాడు మ్యూజియానికి వెళ్ళి ఆ అమ్మాయికి అన్ని నకళ్ళూ ఇచ్చి, అడుగు కాయితం పైన పెట్టి, ఏది ఎక్కడ పుట్టిందో వరసగా చెప్పాడు. ఆమె మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. "మా సారుకి చెప్తానండీ. కానీ ఆయన ఒప్పుకోకపోవచ్చు" అంది. ఒప్పుకోరని బాబాయికి తెలుసు. ఇంటికి నడిచొచ్చి, చీటీ మీది ఎర్ర సిరా మొత్తం అడ్డంగా కొట్టేసి, పక్కన తేదీ వేశాడు. కొట్టేసింది కూడా కనబడుతూ ఉండాలన్నది సేకరణదారుల పద్ధతి. ఆ తర్వాత వారం రోజులు పొద్దున్నే సొరుగు తెరవలేదు. ఇరవై ఏళ్ళకు పైగా కలిసి కాపురం చేసిన డోలు సిపాయి పోయాడు. అసలు పుట్టనివాడు పోతే ఇంత బాధేమిటని తనని తాను కోప్పడ్డాడు గానీ, బాధ మాట వినలేదు.

పోస్టుమాస్టరు జవాబు చిన్న కార్డు మీద వచ్చింది. బాబాయి దాన్ని బిగ్గరగా తెలుగు చేసి పిన్నికి వినిపించాడు.

"ఉత్తరం అందింది. లోహం: మేలిమి. మరమ్మతు: అక్కర్లేదు. ఇంకొక సంగతి. ఆ జాబితా మారుపేరుతో తయారుచేసింది నేనే. మేకు ఊడిపోలేదు. వాక్యం పొడుగవుతోందని నేనే పీకాను. ఈ ముప్పై ఏళ్ళూ మీకు చెప్పలేదు. స్థితి: తుప్పు."

పిన్ని పకపకా నవ్వింది. ఆవిడ నవ్వు చూసి బాబాయి కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ళ స్నేహంలో బొత్తాలు కాని విషయం ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు.

నెల గడువు ఇంకా రెండు రోజులుందనగా మ్యూజియం అమ్మాయి దుకాణానికి వచ్చింది. చేతిలో ఒక ఫారం ఉంది. మొహం చూస్తే ఎవరితోనో గట్టిగా పోట్లాడి వచ్చినట్టుంది.

"కిటికీ పక్క పెట్టె ఇవ్వలేదండీ మా సారు. దాంట్లో ఎవరిదో కత్తి పెడుతున్నారు. మెట్ల మలుపులో చిన్న పెట్టె ఉంది, అది నేను అడిగి తీసుకున్నాను. మనుషులు ఆగి ఊపిరి తీసుకునే చోటు. ఒప్పుకుంటారా?"

"కథ లేకుండానా?"

"కథ లేకుండానేనండీ. పట్టీ రాశాను, మీరు చూసి తప్పులుంటే చెప్పండి" అని ఒక కాయితం తీసింది.

బాబాయి చదివాడు. టోపీ రేకు, ఇత్తడి. ఫ్రెంచి పదాతి దళం, ముప్పై ఏడో పటాలం. మొదటి సొంతదారు ఎవరో తెలియదు. డోలు వాయించే సిపాయి అని కొన్ని పుస్తకాల్లో ఉంది, ఆ మాట మొదట అన్నవారే దాన్ని వెనక్కి తీసుకున్నారు. తెలిసిన సొంతదారు: ఈ ఊరి కళ్ళద్దాల పనివారు, ముప్పై ఎనిమిదేళ్ళుగా.

చివరి వాక్యం దగ్గర ఆయన ఆగిపోయాడు. వందల చీటీలు రాసిన మనిషి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ప్రతి వస్తువుకీ పదిమంది వెనక్కి వెళ్ళి వెతికినవాడు. వాటిల్లో ఒక్కదాని మీద కూడా తన వరస తాను రాసుకోలేదు. తనూ ఆ వరసలో ఒకడినని ఆయనకి ఎన్నడూ తట్టలేదు.

తట్టగానే సంతోషం కలిగింది. వెంటనే అనుమానం కూడా వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది?

"దీనికి రుజువేదమ్మా?" అన్నాడు. "పాత సామాను కొట్టాయన పోయి ఇరవై ఏళ్ళయింది. రసీదు లేదు, ఆయన చేతిరాత ముక్కైనా లేదు. నాదని నేను చెప్తే అదేం సాక్ష్యం? నేను చెప్పింది నేనే నమ్మినందుకే కదా ఇంత తంటా. ఇది కూడా కొట్టెయ్."

అమ్మాయి ఫారం వంక చూసింది. అందులో సాక్ష్యం అని ఒక గడి ఉంది, ఖాళీగా.

పిన్ని కాడలు వంచే పని ఆపి, చేతులు తుడుచుకుని వచ్చింది. "ఇలా ఇవ్వమ్మా" అని ఫారం తీసుకుంది. నిలబడే రాసింది. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, ఫారం బల్ల మీద పెట్టేసి, కుర్చీలో ఎదురుచూస్తున్న పెద్దాయన చెవుల దగ్గరికి తిరిగి వెళ్ళిపోయింది.

బాబాయి ఫారం తన వైపు తిప్పుకున్నాడు. గుండ్రటి చేతిరాత, మూడు వరసలు.

"ఆయన ఈ కోడిని తెచ్చిన రోజు నేను ఆ కొట్టులోనే ఉన్నాను. పాత సామాను ఆయనకి కళ్ళద్దాల కాడలు సరిపెట్టింది నేనే. అప్పటి నుంచి ప్రతి పొద్దునా ఆయన దీన్ని తీసి చూసుకోవడం నేను చూశాను."

బాబాయి దాన్ని రెండుసార్లు చదివాడు. ఇన్నేళ్ళూ ఆయన వెతికినదల్లా ఇలాంటి ఒక్క మనిషి కోసమే, అక్కడ ఉండి, కళ్ళారా చూసి, చూశానని రాసి సంతకం పెట్టిన మనిషి కోసం. అంతమంది సిపాయిల్లో ఏ ఒక్కరికీ అలాంటి సాక్షి దొరకలేదు. ఆయనకి దొరికింది.